వెబ్ మ్యాపుల్లో పొరల వరుస, పేర్ల చోటు

నదులు, అడవులు, రోడ్లు, భవనాలు, సరిహద్దులు, ఊళ్ళ పేర్లు వేర్వేరు పొరలుగా నిల్వ ఉంటాయి. తెర మీద అవన్నీ ఒకే బొమ్మగా కనపడాలి. ఏ పొరను ముందు గీయాలి, ఏది దేనిమీద పడాలి, ఒకే జాగాలో రెండు పేర్లు తగువు పడితే ఏది ఉండాలి, ఏది తప్పుకోవాలి అన్నవి తేల్చే పద్ధతుల గురించి ఈ వ్యాసం. చూడటానికి చిన్న విషయమే. కానీ మ్యాప్ తయారుచేసేవాళ్ళ సమయంలో పెద్ద భాగం దీనికే పోతుంది. రంగులు, గీతల మందం ఒక పూటలో కుదురుతాయి, వరుస కుదరదు. కారణం ఏమిటంటే ఆకారాలకు ఒక నియమం ఉంటే, పేర్లకు సరిగ్గా దానికి ఎదురు నియమం ఉంది. ఆకారాల్లో చివర వచ్చినది గెలుస్తుంది, పేర్లలో మొదట వచ్చినది గెలుస్తుంది. ఈ రెంటినీ ఒకే జాబితాతో నడిపించబోయినప్పుడే చిక్కులన్నీ మొదలవుతాయి.

చివర గీసినదే పైన

కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో 'పెయింటర్స్ ఆల్గారిథమ్' అనే పాత పద్ధతి ఉంది. వెనక ఉన్నదాన్ని ముందు పూసి, దానిమీద ముందున్నదాన్ని పూస్తూ పోవడమే అందులో పని. వెబ్ మ్యాపులు మొదటి నుంచీ ఈ దారినే నడిచాయి. 2000లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం తెచ్చిన డబ్ల్యూఎంఎస్ ప్రమాణంలో, మ్యాప్ అడిగేవాళ్ళు కావలసిన పొరల పేర్లను కామాలతో వరుసగా రాస్తారు. ఎడమ చివర ఉన్న పొర అన్నిటికన్నా అడుగున పడుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన మ్యాప్‌సర్వర్‌లోనూ అంతే: మ్యాప్‌ఫైల్‌లో పై నుంచి కిందికి ఏ వరుసలో రాస్తే ఆ వరుసలో గీస్తుంది, ఫైలు చివరి పొర బొమ్మలో పైన తేలుతుంది. మ్యాప్‌బాక్స్, మ్యాప్‌లిబ్రె వాడే, ఏది ఎలా గీయాలో చెప్పే స్టైల్ ఫైలులో కూడా జాబితాలోని మొదటి పొరే నేల.

క్యూజీఐఎస్ లాంటి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పక్కనుండే పొరల పట్టీలో పైన కనపడేది బొమ్మలోనూ పైనే ఉంటుంది. అక్కడ అలవాటుపడి వచ్చినవాళ్ళు స్టైల్ ఫైలును తలకిందులుగా రాసి, రోడ్లన్నీ అడవి కింద ఎందుకు దాక్కున్నాయో తెలియక తల పట్టుకోవడం మామూలే.

సాధారణంగా కుదిరే వరుస ఇది: అడుగున నేల, దానిమీద అడవి, పొలం, పార్కు వంటి భూవినియోగం, తర్వాత నీళ్ళు, భవనాలు, రోడ్లు, రైలు మార్గాలు, సరిహద్దులు, చివరికి పేర్లు. ఇందులో వాదం లేకపోలేదు. రాష్ట్ర సరిహద్దు నది మధ్యలో పోయేచోట గీత నీళ్ళమీద కనపడాలి, కానీ రోడ్ల మ్యాపులో అదే గీత జాతీయ రహదారిని తొక్కకూడదు. అందుకే మ్యాప్ దేనికోసమో తేలకుండా వరుస తేలదు.

పొరల మధ్య వరుస కుదిరాక కూడా ఒకే పొరలోని వస్తువుల మధ్య వరుస మిగిలిపోతుంది. డేటాబేసును ఫలానా క్రమంలో ఇమ్మని చెప్పి అడగకపోతే అది తనకు వీలైన వరుసలో ఇస్తుంది, ఆ వరుస రేపు మారనూ వచ్చు. అడవి బహుభుజి లోపల చిన్న చెరువుగట్టు పార్కు ఉంటే, పార్కు ముందు, అడవి తర్వాత గీస్తే పార్కు మాయం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రధాన స్టైల్ దీనికి తేలికైన ఉపాయం పెట్టుకుంది: వైశాల్యం ఎక్కువున్నవి ముందు, తక్కువున్నవి తర్వాత. పెద్దది చిన్నదాన్ని మింగదు, చిన్నది పెద్దదానిమీద కనపడుతుంది. ఇంత చవకగా దొరికే పరిష్కారం ఈ రంగంలో మరొకటి లేదు.

రోడ్లు, అంచులు, ఫ్లైఓవర్లు

మ్యాపులో రోడ్డు ఒక గీతలా కనపడుతుంది గానీ నిజానికి రెండు గీతలు. ముందు ముదురు రంగులో వెడల్పు గీత, దానిమీద లేత రంగులో కాస్త సన్న గీత. అడుగుగీత రెండు పక్కలా పొడుచుకొచ్చి అంచులా కనపడుతుంది. ఒక్కో రోడ్డుకు అంచు, నింపు వెంటవెంటనే గీస్తూ పోతే కూడళ్ళు పాడవుతాయి: తర్వాత వచ్చిన రోడ్డు అంచు ముందు రోడ్డు నింపును అడ్డంగా కోసేస్తుంది, నాలుగు రోడ్ల కూడలి మధ్యలో గోడ కట్టినట్టు ఉంటుంది. అందుకని అన్ని రోడ్ల అంచులూ ముందు గీసి, ఆ తర్వాత అన్ని రోడ్ల నింపులూ గీస్తారు. అప్పుడు నింపులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయి కూడలి తెరుచుకుంటుంది. మ్యాప్‌నిక్ అనే గీత యంత్రం ఒక స్టైలును పొరలోని వస్తువులన్నిటికీ వర్తింపజేశాకే తర్వాతి స్టైలుకు వెళ్తుంది, కాబట్టి ఈ పని దానికి సహజంగా వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ వంతెన వచ్చి అంతా చెడగొడుతుంది. కూడలిలో రోడ్లు కలిసినట్టు కనపడాలి, ఫ్లైఓవర్ కింద మాత్రం కలిసినట్టు కనపడకూడదు. అంటే ఫ్లైఓవర్ అంచు కింది రోడ్డు నింపుమీద పడాలి. దీనికోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మ్యాప్ చేసేవాళ్ళు వంతెన అన్న గుర్తుతోపాటు 'లేయర్' అని ఒక అంకె కూడా ఇస్తారు. నేలమీది రోడ్డుకు 0, దాన్ని దాటే వంతెనకు 1, సొరంగానికి -1. వాడుకలో -5 నుంచి 5 దాకా పోతారు. ఇది ఎత్తు కొలత కాదు, ఎన్ని మీటర్లని చెప్పదు. ఒకదానికొకటి అడ్డం వచ్చే వాటిలో ఏది పైన అన్నంతవరకే దాని అర్థం. డేటాను డేటాబేసులోకి ఎక్కించే ఓఎస్‌ఎం2పీజీఎస్‌క్యూఎల్ అనే పరికరం లేయర్ అంకెను, రోడ్డు తరగతిని కలిపి 'జెడ్ ఆర్డర్' అనే ఒకే సంఖ్యగా మారుస్తుంది. గీసేటప్పుడు ఆ సంఖ్య ప్రకారం పేర్చుకుంటే సరిపోతుంది.

అయితే ఈ అంకె తీర్చలేని చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరుచుకుంది. ఇది రోడ్డును అడ్డంగా దాటే వంతెన కాదు, కింది రోడ్డు వెంటే దాని నెత్తిన సాగుతుంది. పైదాన్ని పైన గీయడం నియమం ప్రకారం ఒప్పే. కానీ దుకాణాలు, ఆసుపత్రులు, సందులు అన్నీ కింది రోడ్డుమీదే ఉన్నాయి. అక్కడివాళ్ళు చిరునామా చెప్పేది పిల్లర్ నంబర్‌తో, వాళ్ళకు కావలసింది స్తంభాల పక్క రోడ్డు. కింది రోడ్డును రెండు వైపులా వేర్వేరు గీతలుగా మ్యాప్ చేసి, పై రోడ్డు మందం కాస్త తగ్గించి, ఎక్కువ జూమ్‌లో అవి పక్కలనుంచి కనపడేలా చేయడమే దీనికి ఆచరణలో ఉన్న మార్గం. వరుస ఒక్కటే మార్చి ఈ సమస్యను తీర్చలేం.

గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ కూడలిది ఇంకో తరహా. అక్కడ ఒకదానిపై ఒకటి రెండు ఫ్లైఓవర్లున్నాయి. ఆకారాలను డేటాగా తెచ్చుకుని తెర దగ్గరే గీసే వెక్టర్ మ్యాపుల స్టైళ్ళు చాలావరకు రోడ్లను మూడు గుంపులుగా విడగొడతాయి: సొరంగాలు, నేల రోడ్లు, వంతెనలు. ఒక్కో గుంపులో అంచులు ముందు, నింపులు తర్వాత. ఓపెన్‌మ్యాప్‌టైల్స్ నమూనా దీనికోసమే 'బ్రనెల్' అనే ఒక గుణం పెట్టింది. వంతెన నేల రోడ్డును దాటితే ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుంది. రెండూ వంతెనలే అయినప్పుడు రెండూ ఒకే గుంపులో పడతాయి, రెంటి అంచులూ ముందే గీసేస్తారు, నింపులు కలిసిపోయి గాలిలో ఒక కూడలి పుడుతుంది. పై వంతెన మీంచి కింది వంతెనకు కారు తిప్పుకోవచ్చన్నట్టు కనపడుతుంది. పొర లోపల వరుస మార్చే 'లైన్-సార్ట్-కీ' పెట్టినా అది అంచుల పొరలో అంచులను, నింపుల పొరలో నింపులను సర్దుతుందే తప్ప, పై వంతెన అంచును కింది వంతెన నింపు మీదికి తేలేదు. లేయర్ 1 వంతెనలకు ఒక జత పొరలు, లేయర్ 2 వంతెనలకు మరో జత రాయక తప్పదు. చాలామంది రాయరు. అందుకే పేరున్న స్టైళ్ళలో సైతం పెద్ద ఇంటర్‌చేంజ్‌లు చిక్కుపడ్డ దారంలా కనపడతాయి.

పేర్ల తగువు

పేర్ల దగ్గరికి వచ్చేసరికి నియమం తిరగబడుతుంది. ఒక పేరు మీద మరో పేరు గీస్తే రెండూ చదవలేం. కాబట్టి యంత్రం ఒక్కో పేరును తీసుకుని, అది ఆక్రమించే పెట్టె ఖాళీగా ఉందా అని చూస్తుంది. ఖాళీ అయితే పేరు పెట్టి ఆ పెట్టెను లెక్కలో రాసుకుంటుంది. లేకపోతే ఆ పేరును వదిలేస్తుంది, లేదా వేరే పక్క ప్రయత్నిస్తుంది. పల్లెవెలుగు బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు అన్నట్టు, ముందు వచ్చిన పేరుదే చోటు.

చేత్తో మ్యాపులు గీసిన కాలంలో ఈ పని మనుషులు చేసేవారు. స్విట్జర్లాండ్ పటకారుడు ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ 1962లో జర్మన్‌లో రాసి, 1975లో ఇంగ్లీషులో వచ్చిన వ్యాసం ఇప్పటికీ ఈ విద్యకు పునాది: ఏ పేరు ఏ వస్తువుదో చూడగానే తెలియాలి, ఒక పేరు మరొకదాన్ని తొక్కకూడదు, నది పేరు నది వంపు వెంట సాగాలి. పిన్హాస్ యోయెలీ 1972లో ఈ తర్కాన్ని కంప్యూటరుకు అప్పగించే ప్రయత్నం చేశారు. ఊరి చుక్కకు కుడివైపు పైన పేరు పెట్టడం ఉత్తమమని, కుదరకపోతే మిగతా దిక్కులు వరుసగా చూడాలని అప్పట్లో కుదిరిన పద్ధతే నేటి ప్రోగ్రాముల్లోనూ ఉంది.

వీలైనన్ని ఎక్కువ పేర్లు తగువు లేకుండా పట్టించడం ఎంత కష్టమో 1990ల మొదట్లో రుజువైంది. ఈ లెక్క వేగంగా, కచ్చితంగా తేల్చే దారి తెలియని 'ఎన్‌పీ-హార్డ్' తరగతిలోదని 1991లో ఫోర్మన్, వాగ్నర్ ఒకపక్క, మార్క్స్, షీబర్ మరోపక్క చూపారు. ఒక్కో ఊరికి నాలుగు స్థానాలే అనుకున్నా 50 ఊళ్ళకు వచ్చే అమరికల సంఖ్యకు 31 అంకెలుంటాయి. 1995లో క్రిస్టెన్సన్, మార్క్స్, షీబర్ వేర్వేరు పద్ధతులను పోల్చి, 'సిమ్యులేటెడ్ అనీలింగ్' మంచి ఫలితమిస్తుందని తేల్చారు. అయితే అచ్చు మ్యాపుకున్నంత తీరిక వేలు పెట్టి జరుపుతుండగా తెర మీద కదలాల్సిన మ్యాపుకు లేదు. అందుకే వెబ్ మ్యాపులు దాదాపు అన్నీ ఆశపోతు పద్ధతినే నమ్ముకున్నాయి: ప్రాధాన్యం ప్రకారం పేర్చు, వరుసగా పెట్టు, పట్టనిది వదిలెయ్, వెనక్కి తిరిగి చూడకు. దీంతో భారమంతా ప్రాధాన్యం అనే ఒక్క సంఖ్యమీద పడింది.

ఆ సంఖ్య ఎలా కట్టాలి? జనాభా అనేది అందరికీ ముందు తట్టే జవాబు. విజయవాడ, గుంటూరు మధ్య గాలిలో దూరం సుమారు 30 కిలోమీటర్లు. మ్యాపును కోసే 256 పిక్సెళ్ళ చదరపు పలకలతో (టైళ్ళతో) జూమ్ 6 దగ్గర ఈ అక్షాంశంలో ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 2.3 కిలోమీటర్ల నేల పడుతుంది. అంటే రెండు నగరాలకూ మధ్య తెర మీద 13, 14 పిక్సెళ్ళే. మామూలు సైజు అక్షరాల్లో ఒక్క 'విజయవాడ' పేరే దానికి మూడు నాలుగింతలు పొడవుంటుంది. పక్కనే అమరావతి ఉంది. 2011 లెక్కల్లో పది లక్షలు దాటిన విజయవాడ జనాభా వరుసలో ముందే వచ్చి చోటు ఆక్రమిస్తుంది, రాజధాని మ్యాపులోంచి ఎగిరిపోతుంది. అందుకే స్టైళ్ళు రాజధాని అన్న గుణానికి విడిగా బరువు ఇస్తాయి: దేశ రాజధాని, రాష్ట్ర రాజధాని, ఆ తర్వాతే జనాభా. అలా చేస్తే అమరావతి నిలిచి విజయవాడ పోతుంది, దానికీ జనం ఒప్పుకోరు. చుక్కకు ఒకే పక్క కాకుండా కుడి, ఎడమ, పైన, కింద ఎక్కడ పట్టినా సరే అనే వెసులుబాటు ఇస్తే రెంటికీ చోటు దొరికే అవకాశముంది. మ్యాప్‌బాక్స్, మ్యాప్‌లిబ్రెలో దీన్ని 'టెక్స్ట్-వేరియబుల్-యాంకర్' అంటారు. వాడుకలో ఉన్న సదుపాయాల్లో బాగా ఫలితమిచ్చేవాటిలో ఇదొకటి.

ఎవరి తూకం వారిది

ఇన్ని పరికరాలున్నా ప్రాధాన్యం సంఖ్య ఏ దిక్కున పెరగాలన్న దానిమీద ఏకాభిప్రాయం లేదు. మ్యాప్‌సర్వర్‌లో పేరు ప్రాధాన్యం 1 నుంచి 10 దాకా, 10 గెలుస్తుంది. జియోసర్వర్‌లోనూ పెద్ద సంఖ్యదే పైచేయి. మ్యాప్‌బాక్స్, మ్యాప్‌లిబ్రెల 'సింబల్-సార్ట్-కీ'లో చిన్న సంఖ్య ముందు చోటు పట్టుకుంటుంది. పేర్లు ఒకదానిమీద ఒకటి పడినా పరవాలేదని అనుమతి ఇచ్చామంటే అదే సంఖ్య అర్థం మారిపోతుంది. చోటు తగువు ఉండదు కాబట్టి గీత నియమం వచ్చి కూర్చుంటుంది, పెద్ద సంఖ్యది పైన పడుతుంది. ఓపెన్‌లేయర్స్‌లో 'డీక్లట్టర్' పెట్టినప్పుడు ఎక్కువ జెడ్-ఇండెక్స్ ఉన్నదానికి ముందు అవకాశం, జెడ్-ఇండెక్స్ సమానమైతే ముందు గీసినదానికి. ఒకే వాక్యంలో రెండు నియమాలూ పక్కపక్కనే ఉన్న చోటు ఇది.

పేర్ల పొరల మధ్య తేడా ఇంకా గమ్మత్తు. మ్యాప్‌నిక్ పొరలను రాసిన వరుసలోనే తీసుకుంటుంది. రాజధానుల పేర్ల పొర ముందు రాస్తే రాజధానులు ముందు చోటు పట్టుకుంటాయి. మ్యాప్‌బాక్స్ వంశంలో యంత్రం పేర్లకు చోటు వెతికేటప్పుడు జాబితా చివరినుంచి మొదటికి వస్తుంది. పైన కనపడే పొరకే ముందు హక్కు అన్న ఆలోచన అది. కాబట్టి మ్యాప్‌నిక్ కోసం రాసిన స్టైలును వెక్టర్ మ్యాపుకు మార్చేటప్పుడు రోడ్లు, అడవుల పొరలు ఉన్న వరుసలోనే ఉంచి, పేర్ల పొరలను మాత్రం తిరగరాయాలి. ఆ సంగతి మరిచిపోతే పల్లెల పేర్లు దర్జాగా ఉంటాయి, జిల్లా కేంద్రాలు కనపడవు.

వొలొదిమిర్ అగాఫోంకిన్ 2011లో విడుదల చేసిన లీఫ్‌లెట్ అనే వెబ్ మ్యాపుల లైబ్రరీది వేరే లోకం. అది బ్రౌజర్‌లో ఒకదానిపై ఒకటి ఉండే అరలతో పని నడుపుతుంది, అంకె పెద్దదైన అర పైన ఉంటుంది. టైళ్ళ అర 200, గీతలూ బహుభుజుల అర 400, నీడలది 500, మార్కర్లది 600, టూల్‌టిప్‌లది 650, పాపప్‌లది 700. పేర్లు ముందే టైలు బొమ్మలో కలిసిపోయి ఉంటే, దానిమీద మనం వేసే రంగు బహుభుజి ఊళ్ళ పేర్లను కప్పేస్తుంది. ఎన్నికల ఫలితాల మ్యాపులు, వానల మ్యాపులు పెట్టే వార్తా సైట్లలో ఈ లోపం తరచూ కనపడుతుంది. పేర్లు లేని టైళ్ళను అడుగున, పేర్లు మాత్రమే ఉన్న పారదర్శక టైళ్ళను 650 దగ్గర కొత్త అరలో పెట్టడం దీనికి మందు. ఆ పై అర మౌస్ నొక్కులను కూడా మింగేస్తుంది, కాబట్టి దానికి నొక్కులు పట్టకుండా చెప్పాలి. లేకపోతే నియోజకవర్గం మీద ఎంత నొక్కినా పలకదు. మ్యాప్‌లిబ్రెలో ఇంత శ్రమ లేదు: పొరను చేర్చేటప్పుడే ఏ పొరకు ముందు పెట్టాలో చెబితే పేర్ల కిందికి అది జారిపోతుంది.

టైళ్ళ అంచులు, గ్రాఫిక్ చిప్

గూగుల్ మ్యాప్స్ 2005లో వచ్చిననాటి నుంచి ప్రపంచాన్ని 256 పిక్సెళ్ళ పలకలుగా కోయడం వాడుక అయింది. జూమ్ 0లో ఒకే పలక, జూమ్ 18కి వచ్చేసరికి దాదాపు 6,872 కోట్లు. ఒక్కో పలకను విడివిడిగా గీస్తే ఎడమ పలకలో 'రాజమ' అని సగం ఉండి, కుడి పలకలో మిగతా సగం మరో పేరుతో తగువు పడి ఎగిరిపోయే ప్రమాదముంది. మ్యాప్‌నిక్ వాడేవాళ్ళు అందుకే 8×8 పలకలను ఒకేసారి పెద్ద బొమ్మగా గీసి తర్వాత కోస్తారు, చుట్టూ కొంత అంచు అదనంగా లెక్కలోకి తీసుకుంటారు. వెక్టర్ మ్యాపుల్లో పేర్ల చోటు తెర మొత్తానికీ ఒకేసారి లెక్క కడతారు కాబట్టి ఈ కోత ఉండదు. మ్యాప్ తిప్పినా వంచినా లెక్క మళ్ళీ మొదలు, ఆ మార్పు కళ్ళకు తగలకుండా పేర్లు 300 మిల్లీసెకన్లలో మెల్లగా వెలిగి ఆరతాయి.

గ్రాఫిక్ చిప్ మీద పెయింటర్ పద్ధతి యథాతథంగా ఉండదు. పూర్తిగా కప్పేసే రంగులున్న పొరలను మ్యాప్‌బాక్స్ యంత్రం పై నుంచి కిందికి గీస్తుంది, లోతు లెక్క చూసి దాగిపోయే పిక్సెళ్ళను పూయడం మానేస్తుంది. పారదర్శకమైనవి మాత్రం రెండో విడతలో కింద నుంచి పైకి. చూసేవాళ్ళకు తేడా తెలియదు, ఫోను బ్యాటరీకి తెలుస్తుంది.

తెలుగు పేర్లు వచ్చినప్పుడు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఊళ్ళ ప్రధాన పేరు చాలాచోట్ల ఇంగ్లీషు లిపిలో, తెలుగు పేరు 'నేమ్:టీఈ' అనే గుణంలో ఉంటుంది. తెలుగు ఉంటే తెలుగు, లేకుంటే ప్రధాన పేరు అని స్టైల్‌లో ఒక్క మాట రాస్తే తెలుగు మ్యాప్ తయారయినట్టే. అయితే మ్యాప్‌బాక్స్ తరహా యంత్రాలు అక్షరాలను యూనికోడ్ సంఖ్యల వారీగా 256 చొప్పున కట్టలుగా తెచ్చుకుని, విడివిడి బొమ్మలుగా పేర్చేలా పుట్టాయి. 'శ్రీకాకుళం' మొదట్లోని 'శ్రీ'కి సొంత సంఖ్య లేదు, అది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిస్తే ఫాంటు తయారుచేసే రూపం. ఆ కలయిక జరగకపోతే క్రావడి తన చోటికి పోదు, పేరు విరిగిపోతుంది. అక్షరాల కలయికను చూసుకునే హార్ఫ్‌బజ్ తోడున్న మ్యాప్‌నిక్ 3 దీన్ని సరిగ్గా గీస్తుంది, బ్రౌజరే అక్షరాలు రాసే లీఫ్‌లెట్ పాపప్‌లూ అంతే.

విరగకుండా గీసినా పెట్టె కొలత మారుతుంది. తెలుగు పేరుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి, అదే సైజు ఇంగ్లీషు అక్షరాలకన్నా నిలువు చోటు ఎక్కువ పడుతుంది. అడ్డం పొడవు ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది. అదే డేటా, అదే ప్రాధాన్యం, అదే జూమ్ పెట్టుకున్నా కోనసీమ లాంటి ఊళ్ళు చిక్కగా ఉన్న చోట ఇంగ్లీషు మ్యాపులో కనపడే ఊళ్ళు, తెలుగు మ్యాపులో కనపడే ఊళ్ళు ఒకటి కావు. పేరు చుట్టూ వదిలే ఖాళీని తెలుగుకు విడిగా సరిచూసుకోవాలి. వరుసల మధ్య దూరం కూడా పెంచాలి, లేకపోతే రెండు వరుసల్లో విరిగిన పేరులో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది.